ఆ రాత్రి సైరన్ ఆపింది నేనే

2019 జులైలో ఒక గురువారం తెల్లవారుజామున రెండుంబావుకు మా ఇంటి ముందు మా కారు సైరన్ మోగింది. మేముండేది బెంగళూరు రామమూర్తి నగర్‌లో, రెండో అంతస్తులో. కారు వీధిలోనే, గేటు పక్కన ఆపుతాం. ఆ వారంలో సైరన్ మోగడం అది నాలుగోసారి. కళ్లు సరిగా తెరవకుండానే కిటికీ దగ్గరికి నడిచి, చెయ్యి బయటికి పెట్టి రిమోట్ నొక్కాను. మోత ఆగింది. కిందికి తొంగి చూడలేదు. వచ్చి పడుకున్నాను.

పొద్దున్నే పాల ప్యాకెట్లకని దిగిన మా ఆయన వీధిలోంచే పిలిచాడు. వెనక ఎడమవైపు అద్దం లేదు. సీటు నిండా పటికబెల్లం ముక్కల్లా గాజు. ముందురోజు సాయంత్రం ఆ సీటు మీద మరిచిపోయి వదిలేసిన నల్ల బ్యాగు పోయింది.

చూడ్డానికి అది ల్యాప్‌టాప్ బ్యాగే. లోపల ఉన్నది మాత్రం మా అమ్మ ఆస్పత్రి ఫైలు. నాలుగేళ్ల రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు, డాక్టర్ చేత్తో రాసిచ్చిన చీటీలు, ఏ మాత్ర ఎప్పుడు మార్చారో అమ్మ తనే రాసుకున్న చిన్న నోటుబుక్కు. శుక్రవారం చెకప్ ఉందని హిందూపురం నుంచి తెచ్చుకుంది. తీసుకెళ్లినవాడికి ఆ కాగితాలు ఎందుకూ పనికిరావు. రెండు రోజులు చుట్టుపక్కల ఖాళీ సైట్లలో, మోరీల పక్కన, చెత్తకుప్పల దగ్గర వెతికాం. దొరకలేదు.

మా ఓనర్ ఆంటీ వాళ్లది కోలారు వైపు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "సైరన్ నాకూ వినపడింది పాపా. మీ కారే కదా, దినామూ అరిచేదే కదా అని పడుకుండిపోతిని" అంది. ఆమెను ఏమనగలను? నేనే చూడలేదు. చిన్నప్పుడు చదువుకున్న 'నాన్నా పులి' కథలో పిల్లవాడి బదులు మా కారు అరిచింది. పొలంలోంచి పరుగెత్తుకు రావాల్సిన నాన్నను నేను.

ఇన్నాళ్లూ ఇది ఎవరికీ వివరంగా చెప్పలేదు. మొన్న ఆఫీసులో, కొత్త కారు బుక్ చేసిన ఒకమ్మాయి "అక్కా, కంపెనీ అలారం సరిపోతుందా, బయట ఇంకొకటి వేయించాలా?" అని అడిగింది. రెండు మాటల్లో జవాబు రాలేదు నాకు. రాసి పంపుతానన్నాను.

ఆ కారు 2014 ఆల్టో 800, ఎల్‌ఎక్స్‌ఐ. 2017లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. సెంట్రల్ లాక్ లేదు, అలారం లేదు. నాలుగు తలుపులూ ఒక్కొక్కటే చూసుకుని లాక్ చేయాలి. చంకలో పిల్లవాడు, చేతిలో కూరగాయల సంచి ఉంటే అది ఎంత విసుగో అనుభవించినవాళ్లకే తెలుసు. ఒక ఆదివారం జేసీ రోడ్డుకు వెళ్లాం. కారు సామాన్లకు బెంగళూరులో ఎవరిని అడిగినా ముందు ఆ రోడ్డు పేరే చెబుతారు. ఒక షాపులో నాలుగు తలుపులకు లాక్ మోటార్లు, సైరన్, రెండు రిమోట్లు అన్నీ కలిపి 4,200 రూపాయలకు మాట్లాడాం. పద్దెనిమిది పంతొమ్మిదేళ్ల కుర్రాడు గంటన్నరలో పని ముగించేశాడు. ఇంత తొందరగా అయిపోయిందే అని అప్పుడు సంతోషపడ్డాను. ఆ తొందర చూసి ఆ రోజే భయపడి ఉండాల్సింది.

ఈ బయటి అలారాల్లో షాక్ సెన్సర్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. కారు బాడీకి తగిలిన అదురును అది పసిగడుతుంది. ఎంత అదిరితే అరవాలో చెప్పడానికి దాని మీద ఒక మర ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి. ఆ కుర్రాడు దాన్ని చివరిదాకా తిప్పి పెట్టాడు. "ఎంత సెన్సిటివ్‌గా ఉంటే అంత సేఫ్ మేడమ్" అన్నాడు. నేనూ తలూపాను. ఆ తర్వాత వీధిలో బుల్లెట్ బండి వెళ్లినా మోగేది. పక్కింటి కొబ్బరిమట్ట రాలినా, మొదటి వాన చినుకులు గట్టిగా పడినా మోగేది. దీపావళికైతే మూడు రాత్రులు పూర్తిగా ఆఫ్ చేసి పెట్టాల్సి వచ్చింది. అంటే వీధిలో ఎవరు తిరుగుతున్నారో తెలియని ఆ మూడు రాత్రులే కారుకు కాపలా లేదు.

సైరన్ డబ్బా మీద 120 డెసిబెల్స్ అని గొప్పగా రాసి ఉంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఉండాల్సిన పరిమితి 45 డెసిబెల్స్. ఎదురింట్లో పదో తరగతి పరీక్షలు రాసే పిల్ల ఉండేది. వాళ్లమ్మ ఒక్కసారి కూడా మా మీద అరవలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది.

ఒక్క మాట మాత్రం ఆ అలారం తరఫున చెప్పాలి. ఆ గురువారం రాత్రి అది నిజమే చెప్పింది. చాలా కార్లలో కంపెనీ ఇచ్చే అలారం తలుపు, బోనెట్, డిక్కీ తెరిస్తేనే మోగుతుంది. తలుపు తెరవకుండా అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టి బ్యాగు లాక్కుంటే దానికి తెలియదు. మా షాక్ సెన్సర్‌కు తెలిసింది. తప్పు దొంగను పట్టలేకపోవడంలో లేదు, అంతకుముందు మూడుసార్లు ఏ కారణమూ లేకుండా అరవడంలో ఉంది.

అద్దం కొత్తది వేయించడానికి 1,800 అయింది. ఇన్సూరెన్స్ అడగలేదు. చిన్న కార్లకు ప్రతి క్లెయిములోనూ మొదటి 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి. పైగా క్లెయిము పెడితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము లేని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. కారులో పోయిన సొంత వస్తువులకు మామూలు పాలసీ ఏమీ ఇవ్వదు. అమ్మకు కొన్ని స్కాన్లు మళ్లీ తీయించాం. డాక్టర్ పాత ఫిల్ములతో పోల్చి చూడాలన్నప్పుడు నేను తల దించుకున్నాను.

సెన్సర్ మర సగానికి తిప్పించి ఆ అలారాన్నే కొనసాగించాం. 2020 సంక్రాంతికి హిందూపురం వెళ్లి, నేనూ పిల్లలూ తొమ్మిది రోజులున్నాం. తిరుగు ప్రయాణం రోజు తాళం తిప్పితే సెల్ఫ్ 'టిక్' అని ఊరుకుంది. బ్యాటరీ మార్చి ఏడాది కూడా కాలేదు.

మా నాన్న ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా 31 ఏళ్లు చేసి రిటైర్ అయ్యాడు. బ్యాటరీని చార్జింగుకు పెట్టి, ఎక్కించాక పాత మల్టీమీటర్ తెచ్చాడు. బోనెట్ తెరిచి పెట్టి కారు లాక్ చేసి అరగంట ఊరుకోమన్నాడు. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్యలో మీటరు పెట్టాడు. 0.18 ఆంపియర్లు అని చూపించింది. "నిద్రపోయే బండి ఇంత తాగకూడదు పాపా. 20, 30 మిల్లీ ఆంపియర్లు అయితే సరే, 50 దాకా ఓర్చుకోవచ్చు. ఇది 180 తాగుతాంది" అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాడు. మా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. 0.18తో భాగిస్తే 194 గంటలు, అంటే ఎనిమిది రోజులకు పూర్తిగా ఖాళీ. సెల్ఫ్ కొట్టలేని స్థితికి అంతకు చాలా ముందే వస్తుంది. అలారం ఫ్యూజు పీకగానే మీటరు 0.02కు పడిపోయింది.

ఆ తర్వాత స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్ విప్పాడు. నేను టార్చి పట్టుకున్నాను. కంపెనీ తీగలను బ్లేడుతో గీకి, అలారం తీగలు చేత్తో మెలిపెట్టి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టారు. ఎండకు టేపు జిగురు కరిగి జారిపోయి రాగి బయటపడింది. ఒకచోట మందమైన తీగను పూర్తిగా కోసి, మధ్యలో ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చు, పెట్టారు. నాన్న దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. అది ఇగ్నిషన్ తీగ. 'ఇంజిన్ కట్' అని అమ్మేది దాన్నే. అలారం మోగుతుంటే దొంగ ఆ బండిని స్టార్ట్ చేయకుండా ఆ రిలే కరెంటు ఆపుతుంది.

"ఈ రిలే విలువ యాభయ్యో అరవయ్యో. నువ్వు పిల్లల్ని ఎక్కించుకొని టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర లారీల మధ్యలో పోతాంటే ఇది చచ్చిందనుకో, నడిచే బండి ఇంజిన్ ఆగిపోతాది. రెండుసార్లు తొక్కినాక బ్రేకు కూడా రాయి మాదిరి గట్టిపడతాది. దొంగను ఆపేదానికి పెట్టింది నిన్ను ఆపుతాది" అన్నాడు. నాన్న గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచాడు.

నన్ను బాగా కదిలించింది ఆ తర్వాతి మాట. ఆ కారుకు ఇంజిన్‌ను కాపాడే ఏర్పాటు కంపెనీయే ముందుగా ఇచ్చింది. దాన్ని ఇమ్మొబిలైజర్ అంటారు. తాళంచెవి తలలో చిన్న చిప్పు ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టే చోట చుట్టూ ఉన్న కాయిల్ ఆ చిప్పును మేల్కొలిపి దాని కోడు చదువుతుంది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఆ కోడు తనదేనని ఒప్పుకుంటేనే ఇంజిన్ అందుకుంటుంది. అచ్చం అలాగే కోసిన డూప్లికేట్ తాళం తలుపు తీస్తుంది గాని బండిని నడపలేదు. ఈ పని చప్పుడు లేకుండా జరిగిపోతుంది కాబట్టి అది ఉన్నదని కూడా మనకు తెలియదు. సైరన్ అరుస్తుంది కాబట్టి కారును కాపాడేది సైరనే అనుకుంటాం. నేనూ మూడేళ్లు అలాగే అనుకున్నాను. తాళం తిప్పినప్పుడు మీటర్ల దగ్గర కారు, తాళంచెవి బొమ్మతో ఒక లైటు వెలిగి ఆరుతుంది చూడండి, ఇమ్మొబిలైజర్ తన పని చేసుకుంటోందని దాని అర్థం.

దాని విలువ ఎంతో తర్వాత అమెరికా వార్తలు చదివితే ఇంకా బాగా తెలిసింది. అక్కడ 2011 నుంచి 2021 దాకా వచ్చిన కొన్ని కియా, 2015 నుంచి 2021 దాకా వచ్చిన కొన్ని హ్యుండాయ్ కార్లలో, తాళం తిప్పి స్టార్ట్ చేసే రకాలకు ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. 2015 మోడళ్లను తీసుకుంటే, మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ మామూలుగానే వచ్చేది, ఈ రెండింటిలో 26 శాతానికే. ఎలా దొంగిలించాలో చూపించే వీడియోలు పాకడంతో కుర్రాళ్లు యూఎస్‌బీ కేబుల్ కొసతో బండ్లు ఎత్తుకుపోయారు. 2023లో కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు, అలారం మోగే సమయాన్ని 30 సెకన్ల నుంచి నిమిషానికి పెంచడం. ఇది ఫోనులో చదివి వినిపిస్తే నాన్న ఒకటే అడిగాడు: "మరి మన దేశంలో వచ్చే బండ్లకు ఇచ్చినారు కదా అది?" మనకు ఎక్కువ కార్లలో ఇస్తున్నారు. అయినా కొనేటప్పుడు మీ వేరియంట్ కాగితంలో ఇమ్మొబిలైజర్ అనే మాట ఉందో లేదో కళ్లారా చూసుకోండి.

నాన్న ఆ రిలేను తీసేసి ఇగ్నిషన్ తీగను టంకం పెట్టి అతికించాడు. లాక్ మోటార్లు, రిమోట్ ఉంచి సైరన్‌ను, సెన్సర్‌ను పీకేశాడు. రాత్రంతా కరెంటు తాగుతున్నది సైరనే అని తేలింది. ఆ ఆల్టో ఇప్పుడు హిందూపురంలో నాన్న దగ్గరే ఉంది, వారాల తరబడి కదలకపోయినా ఒక్క తిప్పుకే అందుకుంటుంది.

2023లో కొత్త కారు తీసుకున్నాం. దాని పేరు రాయను. ఒకే మోడల్‌లో వేరియంట్ మారితే ఏమేం ఇస్తారన్నది మొత్తం మారిపోతుంది. పేరు చూసి ఎవరూ నిర్ణయం తీసుకోకూడదని నా ఉద్దేశం. మాది మధ్య వేరియంట్. ఇమ్మొబిలైజర్, రిమోట్ లాక్, తలుపులు తెరిస్తే హారన్ కొట్టే అలారం ఉన్నాయి. అద్దానికి కాపలా లేదు. నాకు కావలసిందేమో సరిగ్గా అదే.

ముందు బయట విచారించాను. ఒక షాపతను రిమోట్‌తో దూరం నుంచే స్టార్ట్ చేసే అలారం చూపించాడు. "ఎండలో నిలిపిన కారుకు ఐదు నిమిషాల ముందే ఏసీ వేసుకోవచ్చు మేడమ్" అన్నాడు. ఆశ కలిగింది, కాదనను. ఇమ్మొబిలైజర్ ఉండగా తాళం లేకుండా ఎలా స్టార్ట్ అవుతుందని అడిగాను. రెండో తాళంచెవి తమకిస్తే దాని చిప్పును డ్యాష్‌బోర్డు లోపలే దాచి పెడతామన్నాడు! అంటే ఇంటికి తాళం వేసి, ఇంకో తాళంచెవిని గుమ్మానికే అంటించి వెళ్లడం. బండి పోతే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు తాళాలూ తెచ్చివ్వమంటారు. అప్పుడు ఆ చెవి సంగతి ఏమని చెప్పాలి? నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇంకో చోట ఇన్సూరెన్స్ బాగా తగ్గుతుందని చెప్పారు. లెక్క ఇది: వాహనాలను పరీక్షించే పుణేలోని సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదించిన పరికరం అయి, దాన్ని బిగించినట్టు ఆటోమొబైల్ అసోసియేషన్ సర్టిఫికెట్ ఉంటే, సొంత డ్యామేజీ (మన కారుకే జరిగే నష్టం) ప్రీమియంలో 2.5 శాతం తగ్గుతుంది. అదీ 500 రూపాయలకు మించదు. ఆ భాగం ప్రీమియం 9,000 అనుకుంటే మిగిలేది 225 రూపాయలు. దానికోసం ఏ అలారమూ కొననక్కర్లేదు.

చివరికి షోరూమ్ వాళ్ల యాక్సెసరీల్లో ఉన్న సైరన్, షాక్ సెన్సర్ కిట్‌నే తీసుకున్నాం. బయటకంటే మూడు వేలు ఎక్కువ పడింది. ఆ మూడు వేలు ఎందుకు పెట్టానో చెబుతాను. అది కంపెనీ ఇచ్చిన సాకెట్‌లో కప్లర్‌తో, అంటే ప్లగ్గులాంటి దానితో, గుచ్చుకుంటుంది, ఒక్క తీగా కోయలేదు. బిల్లు మీద, సర్వీసు రికార్డులో రాసిచ్చారు కాబట్టి రేపు ఎలక్ట్రికల్ లోపం ఏదైనా వస్తే 'బయట తీగలు కోయించారు, వారంటీ లేదు' అనే మాట రాదు. ఇంజిన్ జోలికి వెళ్లదు. సెన్సర్‌కు రెండు మెట్లు ఉన్నాయి, చిన్న అదురుకు రెండు కూతలు కూసి ఊరుకుంటుంది, గట్టి దెబ్బకే పూర్తిగా మోగుతుంది. రిమోట్ కోడు నొక్కిన ప్రతిసారీ మారుతుందా అని కూడా అడిగాను. చవక రకాల్లో ఎప్పుడూ ఒకే కోడు వెళ్తుంది, దాన్ని గాల్లోంచి పట్టి మళ్లీ వాడే పరికరాలు ఉన్నాయి.

నాన్న హిందూపురం నుంచి పొద్దున బస్సుకే వచ్చి వర్క్‌షాపులో పక్కనే నిలబడ్డాడు. పని చేసిన అబ్బాయి మొదట కొంచెం ఇబ్బంది పడ్డాడు. నాన్న డిపో కబుర్లు చెప్పేసరికి కలిసిపోయి, తర్వాత తనే ప్రతి కప్లర్‌నూ చూపించాడు. ఇంటికొచ్చాక వీధిలో నిలిపి పరీక్ష పెట్టాం. టైరును కాలితో తన్నాడు నాన్న, రెండు కూతలు. మా వాడి టెన్నిస్ బంతి టాప్ మీద పడేశాడు, రెండు కూతలు. అరచేత్తో తలుపు పైభాగాన గట్టిగా చరిచాడు, పూర్తి సైరన్. చెత్త లారీ వెళ్లేదాకా ఆగాం. ఏమీ లేదు. మీటరు పెట్టి చూస్తే 0.03. అప్పుడు టీ తాగాడు.

కాబట్టి ఆఫీసులో అడిగిన ఆ అమ్మాయికి నా జవాబు: ఇంజిన్‌ను కంపెనీకే వదిలెయ్యి, ఎంత మంచి షాపయినా ఇగ్నిషన్ తీగను కోయనివ్వకు. అద్దానికి కాపలా కావాలంటే కప్లర్‌తో పెట్టే కిట్ వేయించుకో, సెన్సర్‌ను మీ వీధికి తగ్గట్టు తిప్పించుకో. నీ కారు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో, వాచ్‌మన్ కళ్ల ముందు ఉండేదైతే అది కూడా అక్కర్లేదు. సెంట్రల్ లాక్ కూడా లేని పాత కారయితే బయటి కిట్ తప్పదు. అప్పుడు ధర కంటే ముందు, ఆ షాపులో ఇంతకుముందు చేసిన కారు ఒకటి చూపించమని, స్టీరింగ్ కింద కవర్ తీసి తీగలు ఎలా కలిపారో చూడు. 'స్పీడుగా చేసిస్తాం' అనేవాళ్ల దగ్గర చేయించకు. పెద్ద షాపు, చిన్న షాపు అని కాదు, ఆ తీగల మీద పని చేసేవాడు టంకం పెట్టగలడా లేదా అన్నదే చూడు. గేర్ లాక్ కూడా వేయించు. అది ఇనుము, కరెంటు తాగదు.

నీది జేబులో తాళం ఉంటే చాలు తలుపు తెరుచుకునే రకం అన్నావు కదా. ఇంట్లో ఉన్న తాళం సిగ్నల్‌ను గేటు దాకా లాగి కారును మోసం చేసే పద్ధతి ఉంది. రాత్రి తాళాన్ని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాతో కారు పక్కన నిలబడి తలుపు లాగి చూడు. తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు, ఇంకోటి చూసుకో. రిమోట్ నొక్కి నడుస్తూ వెళ్లిపోకు కూడా. దగ్గర్లో ఎవరైనా రిమోట్ సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ పెట్టుకుని ఉంటే నువ్వు నొక్కినా లాక్ పడదు. ఒక్కసారి హ్యాండిల్ లాగి చూసి కదులు. సీటు మీద ఏదీ వదలకు, ఖాళీ సంచి కూడా.

అమ్మ ఫైళ్లు ఇప్పుడు అన్నీ ఫోటోలు తీసి పెట్టాను. ఆ నోటుబుక్కు మాత్రం లేదు. అమ్మ ఇంకొకటి మొదలుపెట్టింది, పాతవి గుర్తున్నంత వరకు మొదటి నాలుగు పేజీల్లో రాసుకుంది.

పోయిన వారం రాత్రి ఒంటిగంటకు ఎదురింటి వాళ్ల కారు మోగింది. వాళ్లది కొత్త అలారం, రెండు వారాలుగా ఊరికే అరుస్తోంది. టార్చి తీసుకుని బాల్కనీలోకి వెళ్లాను, కనపడలేదు. మెట్లు దిగి గేటు దాకా వెళ్లాను. బోనెట్ మీద ఒక తెల్ల పిల్లి కూర్చుని ఉంది. నాలుగు అద్దాలూ ఉన్నాయో లేదో టార్చి వేసి చూసి, పైకి వచ్చాను. పొద్దున వాళ్లాయనకు సెన్సర్ మర ఎక్కడుంటుందో చూపించాను.